కొత్త స్విచ్ కొనే ముందు: తెనాలి పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది తెనాలిలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. కింద సరుకు ప్యాకింగ్, పైన బిల్లింగ్ ఆఫీసు, సందు దాటాక గోడౌను. కింద, పైన కలిపి ఏడు కంప్యూటర్లు, ఒక సర్వర్, రెండు ప్రింటర్లు, వైఫై కోసం ఒక యాక్సెస్ పాయింటు, పన్నెండు కెమెరాలు ఉన్నాయి. గోడౌనులో రెండు కంప్యూటర్లు, నాలుగు కెమెరాలు. అవసరం వచ్చినప్పుడల్లా వీటిని తీగలతో కలిపే ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ తగిలిస్తూ వచ్చాము. ఇప్పుడు అవి ఐదు అయ్యాయి. సాయంత్రం ఆరు దాటితే పైన బిల్లింగ్ నత్తనడక నడుస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు మొత్తం ఆగిపోతుంది. అన్ని డబ్బాలూ ఆపి మళ్ళీ వేస్తే వస్తుంది. గోడౌను లైను వానాకాలంలో నిలవదు. ఒకాయన 24 పోర్టుల మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగల) పీఓఈ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే) స్విచ్ ఒక్కటి పెడితే అన్నీ తీరిపోతాయంటున్నారు. మా బావమరిదేమో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో పెద్ద కంపెనీలు వాడి తీసేసిన 48 పోర్టుల స్విచ్ చవకగా దొరుకుతుందంటున్నాడు. ఏది కొనమంటారు? తీగలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో బొమ్మ గీసి జత చేస్తున్నాను.

సమాధానం: మీరు బొమ్మ గీసి పంపడం వల్ల నా పని సగం తగ్గింది. ఆ బొమ్మను బట్టి చూస్తే మీకున్నవి ఒక జబ్బు కాదు, మూడు వేర్వేరు జబ్బులు. మీకు సలహా ఇచ్చినవారు చెప్పే పెద్ద స్విచ్ వాటిలో ఒకదానిని పూర్తిగా, ఒకదానిని సగం నయం చేస్తుంది, మూడవదానిని ముట్టుకోదు. కాబట్టి ఏది కొనాలో చెప్పే ముందు ఏది ఎందుకు జరుగుతోందో చెప్పడం న్యాయం.

మొదట సాయంత్రపు నత్తనడక సంగతి. సర్వరూ కెమెరాల స్విచ్చూ కింద ఉన్నాయి. నాలుగు బిల్లింగ్ కంప్యూటర్లూ, కెమెరాల రికార్డింగ్ చేసే ఎన్‌వీఆరూ పైన ఉన్నాయి. కింది నుంచి వీటన్నిటికీ కలిపి పైకి వెళ్ళే తీగ ఒక్కటే, అది దిగుతున్నది కూడా సెకనుకు 100 మెగాబిట్లు మాత్రమే మోయగల పాత డబ్బాలోకి. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా ఒకటి హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో సుమారు 4 మెగాబిట్లు పంపుతుందనుకుంటే, గోడౌనువి కూడా కలిపి పదహారు కెమెరాలకు 64 మెగాబిట్లు పగలూ రాత్రీ ఆ తీగలో పైకి పోతూనే ఉంటాయి. సర్వర్ నుంచి బిల్లింగ్ కంప్యూటర్లకు వెళ్ళే సమాచారం కూడా అదే తీగలో, అదే దిశలో వెళ్ళాలి. చీకటి పడ్డాక కెమెరా చిత్రంలో చుక్కచుక్కలుగా మచ్చలు పెరుగుతాయి; ఆ చుక్కలన్నిటినీ కొత్త సమాచారంగా భావించి కెమెరా మరింత ఎక్కువ పంపుతుంది, బిట్‌రేటుకు పైహద్దు పెట్టకపోతే మరీనూ. మర్నాటి డెలివరీ కోసం మందుల షాపుల నుంచి మీకు ఆర్డర్లు వచ్చేదీ ఆ వేళలోనే. నాలుగు చెరువుల నీటిని ఒకే తూములోంచి వదిలినట్లుంది మీ ఏర్పాటు. తీగ సగటున నిండకపోయినా, కెమెరాలన్నీ ఒకేసారి దూకిన క్షణంలో స్విచ్‌లో సమాచారం కాసేపు నిలిచే చిన్నపాటి బఫరు పొంగి కొన్ని ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు, రాలిపోతాయి. కెమెరా చిత్రంలో ఒక ఫ్రేము పోతే ఎవరికీ తెలియదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం పోయిన ప్యాకెట్ మళ్ళీ వచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది, వెనుక మీ గుమాస్తా ఎంటర్ కొడుతూ కూర్చుంటాడు.

రెండవది, నెలకోసారి అంతా ఆగిపోవడం. ఇది లూప్, అంటే తీగలు గుండ్రంగా కలిసిపోవడం, దాని లక్షణమని నా గట్టి అనుమానం. ఎవరో ఊడ్చేటప్పుడు టేబుల్ కింద వేలాడే తీగ కొసను చూసి, ఊడిపోయిందేమోనని ఖాళీ పోర్టులో పెడతారు. దాని రెండవ కొస అప్పటికే ఆ వరుసలోని మరో స్విచ్‌లో ఉంటుంది. అందరికీ అని పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము (తీగలో నడిచే సమాచారపు పొట్లం) అప్పుడు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ ప్యాకెట్లకు ఉన్నట్లుగా ఈథర్నెట్ ఫ్రేముకు ఆయువు గడువు లేదు, కనుక అది తనంతట తాను చావదు. సెకన్లలో తీగలన్నీ నిండిపోతాయి. 1990లో అమెరికాలో కల్పన అనే సంస్థ తొలి ఈథర్నెట్ స్విచ్‌ను అమ్మకానికి తెచ్చింది. దాని పోర్టులు ఏడే. ఏ పోర్టు వెనుక ఏ పరికరం ఉందో ఫ్రేములు చూసి నేర్చుకోవడం, తెలియని చిరునామాకు వచ్చినదాన్ని అన్ని వైపులకూ పంపడం అనే పని మాత్రం ఆనాటి నుంచి మీ టేబుల్ కింది డబ్బా దాకా మారలేదు. లూప్‌ను పసిగట్టి ఒక పోర్టును మూసేసే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు చవక అన్‌మేనేజ్డ్ స్విచ్‌లలో సాధారణంగా ఉండదు. అదే మీకు లోపించింది.

మరోసారి అలా ఆగినప్పుడు వెంటనే అన్నీ ఆపేయకండి. ముందు దీపాలు చూడండి. అన్ని డబ్బాల మీదా అన్ని దీపాలూ ఒకే వేగంతో పిచ్చిగా మెరుస్తుంటే అది లూపే. అప్పుడు కింది స్విచ్ నుంచి తీగలను ఒక్కొక్కటిగా తీస్తూ వెళ్ళండి. ఏది తీసినప్పుడు మిగిలినవి ఒక్కసారిగా శాంతిస్తాయో, తప్పు ఆ తీగ అవతలి వైపు ఉంది. దీపాలు మామూలుగానే ఉండి కంప్యూటర్లు మాత్రం సర్వర్‌ను పట్టలేకపోతుంటే కథ వేరు. ఆ కంప్యూటర్‌లో ఐపీ అడ్రస్ చూడండి. మీ మామూలు వరుస 192.168.1 అయి ఉండగా 192.168.0 తో మొదలయ్యే అంకెలు కనబడితే, ఎవరో తెచ్చి పెట్టిన రెండవ వైఫై రౌటర్ తన ఇష్టానికి అడ్రసులు పంచుతున్నదని అర్థం, 169.254 తో మొదలైతే అడ్రసు ఇచ్చేవారే దొరకలేదని అర్థం. అన్నీ ఆపి వేసే హడావుడిలో ఈ రెండిటి తేడా కనబడకుండా పోతుంది. అందుకే ఆపక ముందు చూడమంటున్నాను.

ఇక కొనవలసిన వాటి సంగతి. నేనైతే ఒక్క పెద్ద స్విచ్ బదులు రెండు మధ్యరకం స్విచ్‌లు కొనమంటాను: కంప్యూటర్లకు 24 గిగాబిట్ పోర్టులు, ఫైబర్ తీగ కోసం రెండు ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు ఉన్న, పీఓఈ లేని స్మార్ట్ మేనేజ్డ్ స్విచ్ ఒకటి, కెమెరాలకు 16 పోర్టుల పీఓఈ స్విచ్ ఒకటి. రెండూ కింది వెనుక గదిలో, సర్వర్ పక్కన, గోడకు బిగించిన చిన్న రాక్‌లో ఉండాలి. పై అంతస్తులోని ప్రతి కంప్యూటర్‌కూ, ప్రింటర్‌కూ, యాక్సెస్ పాయింటుకూ అక్కడి నుంచి విడివిడిగా తీగ వెళ్ళాలి. టేబుళ్ళ కింద డబ్బాలు ఇక ఉండకూడదు.

మీ వాళ్ళు పట్టించుకోకుండా వదిలేసే ప్రమాదం ఉన్న, కాని ముఖ్యమైన మార్పు ఒకటి ఉంది: ఎన్‌వీఆర్‌ను కిందికి తెచ్చి, కెమెరాల స్విచ్‌లోని గిగాబిట్ అప్‌లింక్ పోర్టులో (బయటికి కలిపే వేగమైన పోర్టులో) పెట్టాలి. అప్పుడు పన్నెండు కెమెరాల వీడియో ఆ స్విచ్ లోపలే పుట్టి లోపలే చేరుతుంది, బిల్లింగ్ స్విచ్ వైపు తొంగి చూడదు. గోడౌను కెమెరాలవి 16 మెగాబిట్లు మాత్రం రెండు స్విచ్‌ల మధ్య తీగలో నడుస్తాయి, గిగాబిట్ తీగకు అదొక లెక్క కాదు. మీ బొమ్మ ప్రకారం సాయంత్రపు బాధలో చాలా భాగం ఈ ఒక్క మార్పుతో పోతుంది. నిజం చెప్పాలంటే కొత్తది ఏదీ కొనక ముందే, ఎన్‌వీఆర్‌ను కిందికి దించి ఒక వారం చూడవచ్చు. పైసా ఖర్చు లేదు.

24 పోర్టులు ఎందుకంటే, ఏడు కంప్యూటర్లు, సర్వర్, రెండు ప్రింటర్లు, రౌటర్, యాక్సెస్ పాయింటు, కెమెరా స్విచ్‌కు వెళ్ళే తీగ కలిపి ఇప్పటికే పదమూడు. 16 పోర్టులది కొంటే మిగిలేవి మూడు; అవి నిండిన రోజున మళ్ళీ టేబుల్ కింద ఒక డబ్బా వెలుస్తుంది, మీ కథ మొదటికి వస్తుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 52 జీబీపీఎస్ స్విచింగ్ కెపాసిటీ చూసి మురిసిపోనవసరం లేదు. ఇరవై ఆరు గిగాబిట్ పోర్టులను రాకకూ పోకకూ కలిపి రెండుతో గుణిస్తే వచ్చే అంకె అది. ఇప్పుడు దొరికే గిగాబిట్ స్విచ్‌లలో దాదాపు అన్నిటికీ అంతే ఉంటుంది. డేటాషీటులో నేను చూసేది వేరే వరుస: ఎంత వేడి వరకూ పని చేస్తుంది అనేది. కొన్ని 40 డిగ్రీల వరకే, కొన్ని 50 డిగ్రీల వరకూ. మే నెలలో తెనాలిలో, ఏసీ లేని గదిలో, తలుపు మూసిన రాక్‌లో 40 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతాయి. 50 అని రాసి ఉన్నదే తీసుకోండి. కంప్యూటర్ల స్విచ్ ఫ్యాన్ లేనిదైతే మంచిది. ఫ్యాన్ ఉంటే అట్టపెట్టెల దుమ్మంతా లోపలికి పీల్చుకుంటుంది.

మేనేజ్డ్ అనే మాట గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ మాటతోనే ధర రెట్టింపు చేస్తారు. వేర్వేరు నెట్‌వర్కుల మధ్య దారి చూపే లేయర్ 3 స్విచ్ మీకు అక్కర లేదు, కమాండ్లు టైపు చేసే పూర్తి మేనేజ్డ్ స్విచ్ అక్కర లేదు. బ్రౌజరులో తెరిచి నాలుగు పేజీలు చూడగలిగే స్మార్ట్ స్విచ్ చాలు. దానితో మీరు నిజంగా వాడేవి మూడు. ఒకటి, లూప్‌ను ఆపే రాపిడ్ స్పానింగ్ ట్రీ లేదా లూప్ ప్రొటెక్షన్. కొన్ని చోట్ల అది పెట్టెలోంచి తీసినప్పుడు ఆపివేసి ఉంటుంది, అడిగి వేయించుకోవాలి. రెండు, డీహెచ్‌సీపీ స్నూపింగ్. నిజమైన రౌటర్ ఉన్న పోర్టు నుంచి తప్ప మరెక్కడి నుంచీ అడ్రసులు పంచనివ్వదు. కొనేటప్పుడు ఆ పేరుతో ఉందో లేదో చూసుకోండి. మూడవది నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది: ఏ పోర్టు ఎంత వేగంతో కలిసింది, ఏ పోర్టులో తప్పు ఫ్రేములు వస్తున్నాయి అని చూపే పట్టిక. సీఆర్‌సీ ఎర్రర్లు అనే ఆ అంకె రోజురోజుకూ పెరిగే పోర్టు ఏదైనా ఉంటే చాలావరకు దాని తీగో, కొసన ఉన్న ఆర్‌జే 45 ప్లగ్గో చెడిందని అర్థం. మనిషిని పిలిచి అన్ని తీగలూ వెతికించే ఖర్చు ఆ ఒక్క పేజీ తగ్గిస్తుంది.

కెమెరాలను బిల్లింగ్ నుంచి వీల్యాన్‌తో (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్కులుగా చేసే పద్ధతితో) విడదీయమని కూడా మీకు చెప్పి ఉంటారు. సలహా మంచిదే, కాని ముందు మీ రౌటర్ 802.1క్యూ ట్యాగులను, అంటే వీల్యాన్ గుర్తులను, అర్థం చేసుకుంటుందో లేదో చూడాలి. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే మామూలు రౌటర్లలో చాలావాటికి ఆ అవకాశం ఉండదు. స్విచ్‌లో మాత్రం వీల్యాన్ వేసి రౌటర్‌ను అలాగే వదిలేస్తే, ఎన్‌వీఆర్ ఒక దీవిలో చిక్కుకుంటుంది, మీ ఫోనులో కెమెరాలు కనబడవు. కనబడలేదని ఎవరో వచ్చి రెండు వీల్యాన్ల మధ్య ఒక తీగ వేసి కలిపేస్తారు, అంతటితో విడదీసిన ఫలం పోతుంది. మొదటి రోజునే దాని జోలికి వెళ్ళవద్దని నా అభిప్రాయం. బయటివారికి వైఫై ఇవ్వడం మొదలుపెడితే అప్పుడు మంచి రౌటర్ తీసుకుని రెండూ కలిపి చేయించండి, ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉందో కాగితం మీద రాసి రాక్ తలుపు లోపల అంటించమనండి.

స్విచ్ పాస్‌వర్డ్ మార్చడం మరవద్దు. అలాగే చాలా స్మార్ట్ స్విచ్‌లు పెట్టెలోంచి తీసినప్పుడు ఒక స్థిరమైన ఐపీతో వస్తాయి. అది మీ రౌటర్ ఐపీయే అయితే రెండూ ఢీకొంటాయి, కనుక తగిలించే ముందే విడిగా ఒక కంప్యూటర్‌తో కలిపి మార్చాలి.

కెమెరాల పీఓఈ స్విచ్ విషయంలో పోర్టుల సంఖ్య కంటే మొత్తం వాట్లు ముఖ్యం. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక పోర్టుకు 15.4 వాట్లు, 802.3ఏటీ ప్రకారం 30 వాట్లు ఇవ్వగలదు. కాని పదహారు పోర్టులకూ ఒకేసారి అంత ఇచ్చేంత పవర్ సప్లై చవక స్విచ్‌లో ఉండదు. కెమెరా పగలు తక్కువ తీసుకుంటుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే ఎక్కువ. ఒక్కొక్కటి రాత్రి 7 వాట్లు అనుకుంటే పన్నెండింటికి 84 వాట్లు; మరో పావు వంతు మిగులు ఉండాలి కనుక 110 వాట్లకు తగ్గకుండా తీసుకోండి. చీకటి పడగానే ఒకటి రెండు కెమెరాలు ఆగిపోయి, తెల్లవారాక వాటంతట అవే వస్తుంటే, కెమెరాలు చెడలేదు, ఈ లెక్క తప్పింది. కెమెరాలకు ఒక్కో పోర్టు 100 మెగాబిట్లు ఉన్నా చాలు, కాని అప్‌లింకులు రెండూ గిగాబిట్ అయి ఉండాలి. యాక్సెస్ పాయింటును మాత్రం ఈ స్విచ్‌లో పెట్టి 100 మెగాబిట్లకు కట్టేయకండి. దానికి తీగలోకి కరెంటు కలిపే గిగాబిట్ పీఓఈ ఇంజెక్టర్ ఒకటి కొని కంప్యూటర్ల స్విచ్ నుంచి తీగ ఇవ్వండి. ప్రమాణం ప్రకారం నడిచే పీఓఈ స్విచ్, అవతల ఉన్నది కరెంటు తీసుకునే పరికరమేనా అని ముందు పరీక్షించి తర్వాతే కరెంటు పంపుతుంది. ప్యాసివ్ పీఓఈ అని ఉన్నవి అడగకుండానే పంపుతాయి, పొరపాటున ప్రింటర్ తగిలిస్తే దాని పోర్టు కాలిపోవచ్చు. అలాంటిది చవకగా ఇచ్చినా వద్దు.

ఇక్కడ మీ బొమ్మలో ఒక విషయం నా కంట పడింది. పైన అకౌంట్స్ కంప్యూటర్ తీగ తిన్నగా ఇప్పటి కెమెరా స్విచ్‌లోకి దిగుతోంది. కెమెరాల కోసం అమ్మే ఇలాంటి స్విచ్‌లలో చాలావాటికి ముందు వైపు ఎక్స్‌టెండ్ అని ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపితే తీగ 250 మీటర్ల దాకా పని చేస్తుంది, బదులుగా ఆ పోర్టుల వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది. కొన్నిటిలో పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా చేసే మీట కూడా ఉంటుంది. ఆ కంప్యూటర్ మిగతావాటి కంటే నెమ్మది అని బొమ్మలో మీరు రాశారు కాబట్టి, ఈ రోజే ఆ మీట ఎటు ఉందో చూడండి.

తీగల విషయంలో బేరమాడవద్దు. క్యాట్ 6 అని ముద్ర ఉన్నంత మాత్రాన లోపల రాగి ఉన్నట్లు కాదు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన సీసీఏ తీగలు బజారులో నిండి ఉన్నాయి. వాటి నిరోధం ఎక్కువ, పీఓఈ కరెంటు నడిస్తే వేడెక్కుతాయి, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటాయి. బ్లేడుతో తీగను గీకి చూడండి, లోపల వెండి రంగు కనబడితే ఆ చుట్టను వెనక్కి ఇచ్చేయండి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందువల్ల మిగతా రెండింటిలో ఒక జత తెగినా చాలా పరికరాలు నోరెత్తకుండా 100కు దిగి పని చేస్తూ ఉంటాయి. పని పూర్తయ్యాక ప్రతి కంప్యూటర్‌లోనూ లింక్ స్పీడు 1000 అని చూపిస్తేనే డబ్బు ఇవ్వండి.

ఇక గోడౌను. ఆ తీగ 110 మీటర్లు ఉంటుందని బొమ్మలో మీరే రాశారు. గోడలోని తీగ, రెండు కొసల ప్యాచ్ తీగలు అన్నీ కలిపి రాగి ఈథర్నెట్‌కు హద్దు 100 మీటర్లు. పైగా అది కరెంటు స్తంభాల పక్కగా సందు దాటుతోంది, రెండు కట్టడాల ఎర్తింగులు వేరు, పిడుగులు పడే ఊరు. ఇది స్విచ్ మార్చితే పోయే జబ్బు కాదు. ఎంత ఖరీదైన స్విచ్ పెట్టినా ఆ పోర్టు ఒక వానకు పోతుంది. అక్కడ సింగిల్ మోడ్ ఫైబర్ (కాంతితో సమాచారం పంపే గాజు తీగ) వేయించండి. మీ ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గర పని చేసే కుర్రాళ్ళకు ఫైబర్ కొసలు అతికించే స్ప్లైసింగ్ కొట్టిన పిండి; వారినే అడిగితే ఒక పూటలో అయిపోతుంది. నాలుగు కోర్ల (గాజు పోగుల) తీగ తీసుకోండి, ధరలో తేడా తక్కువ, ఒక కోరు పోయినా మరొకటి ఉంటుంది. లోపల ఇనుప తీగ లేని రకం అడగండి, లేకపోతే పిడుగుకు దారి మళ్ళీ మీరే వేసినట్లవుతుంది. వారు ఇంటర్నెట్ పనుల్లో ఆకుపచ్చ కనెక్టర్లు వాడే అలవాటు మీద అవే పెట్టబోతారు. మీ ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్ళకు కావలసింది నీలం రంగు ఎల్‌సీ కనెక్టర్. ఒకే కోరు మీద రెండు దిశలూ నడిపే మాడ్యూళ్ళు కొంటే అవి జతగా రావాలి, ఒక చివర 1310, మరో చివర 1550 నానోమీటర్లు అని రాసి ఉంటుంది. ఒకే రకం రెండు తెస్తే లింకు రాదు. గోడౌను చివర ఎస్‌ఎఫ్‌పీ పోర్టు ఉన్న ఎనిమిది పోర్టుల చిన్న పీఓఈ స్విచ్ చాలు. కంప్యూటర్లు రెండూ దానికే తగిలించాలి కనుక అది మాత్రం అన్ని పోర్టులూ గిగాబిట్ ఉన్నదై ఉండాలి.

మీ బావమరిది చెప్పిన 48 పోర్టుల పాత స్విచ్ మంచిదే కావచ్చు, మీకు కాదు. అవి చల్లటి సర్వర్ గదుల కోసం తయారైనవి. ఫ్యాన్ల హోరుకు పక్కన కూర్చుని ఫోనులో ఆర్డరు వినడం కష్టం, పగలూ రాత్రీ కరెంటు తాగుతాయి, తయారీదారు మద్దతు ముగిసినవాటికి భద్రతా లోపాలు సరిచేసే ఫర్మ్‌వేర్ కూడా రాదు. చెడిపోయిన రోజున అలాంటిది మళ్ళీ దొరికేదాకా మీ వ్యాపారం ఆగుతుంది. ఆ డబ్బుతో రెండు స్విచ్‌లనూ, రౌటర్‌నూ, ఎన్‌వీఆర్‌నూ మోసే యూపీఎస్ కొనండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇవి నిమిషాల తరబడి మేలుకుంటూ ఉంటే ఎంత మంచి స్విచ్ అయినా ఉపయోగం లేదు.

పనులన్నీ ఒకే ఆదివారం పెట్టుకోకండి. మొదట ఎన్‌వీఆర్ కిందికి, తర్వాత కింది రాక్‌లో రెండు స్విచ్‌లు, పై అంతస్తు తీగలు, చివరకు గోడౌను ఫైబర్. ఒక్కోదాని తర్వాత కొన్ని రోజులు ఆగితే ఏ మార్పుతో ఏది బాగుపడిందో, ఏది చెడిందో మీకే తెలుస్తుంది. తీసేసిన డబ్బాలలో గిగాబిట్‌ది ఏదైనా ఉంటే ఒకటి అత్యవసరానికి దాచుకోండి, మిగిలినవి షాపులో ఉంచకండి. ఫైబర్ నడవడం మొదలైన రోజునే గోడౌను పాత రాగి తీగను రెండు కొసలా ఊడదీసి, స్తంభాల మీది నుంచి కూడా దించేయించండి. ఎప్పటికైనా పనికొస్తుందని ఒక కొస స్విచ్‌లో వదిలేస్తే పిడుగు ఆ దారినే లోపలికి వస్తుంది. రెండు కొసలూ వదిలేస్తే ఫైబరూ అదీ కలిసి మళ్ళీ లూప్ అవుతుంది.